జీడి నూనె పూసిన చెక్క

భయం నాకు ఎప్పుడూ జాబితాలాగే వస్తుంది. ఇంట్లో దాన్ని చాదస్తం అనేవారు. మెకానికల్ డిప్లొమా చేశాక దానికే సేఫ్టీ అని పేరొచ్చింది. టెక్కలిలో ఆదివారం వర్క్‌షాప్ మొదలుపెట్టే ముందు నేను పదకొండు విషయాలు చూసుకునేవాణ్ణి. అందులో ఏడు అగ్గికి సంబంధించినవే. మంట ఆర్పే సిలిండర్ ముల్లు పచ్చగీత మీద ఉందా, మిషన్ అడుగు ట్రేలో పాత పొట్టు మిగిలిందా, నీళ్ల పంపు తిరుగుతోందా, పొగ గొట్టం కిటికీ చువ్వల్లోంచి జారిపోయిందా, ఇలాంటివి. పదకొండింటికీ టిక్కు పెట్టాక కూడా స్విచ్ మీద నా వేలు ఒక్క క్షణం ఆగేది.

ఇప్పుడు రాస్తున్నది ఆ పదకొండింటిలో లేని సంగతి గురించి. దానివల్ల వజ్రపుకొత్తూరు వైపు తీరంలో ఒక మనిషికి చూపు పోతుందేమోనని తొమ్మిది రోజులు ఎదురుచూశాను. పోయుంటే అది నా చేతుల మీదుగా పోయేది.

మా సెంటర్ బస్టాండు వెనక సందులో, ఒకప్పుడు ఎరువుల గోడౌనుగా ఉన్న రెండు గదుల్లో ఉంది. ఒక లేజర్ కట్టర్, రెండు త్రీడీ ప్రింటర్లు, స్టిక్కర్లు కోసే మిషన్ ఒకటి, సోల్డరింగ్ బల్ల. ఎవరైనా రావచ్చు, ఉచితమే. నెలలో మొదటి ఆదివారం మిషన్లు చూపిస్తాం, రెండో ఆదివారం కంప్యూటర్లో బొమ్మ గీయిస్తాం, మూడో ఆదివారం ఎవరికి కావలసిన వస్తువు వాళ్ల చేతే చేయిస్తాం. నేను వారమంతా కాశీబుగ్గలో మోటారు పంపుల సర్వీసింగ్ పని చేసి, ఆదివారం పొద్దున్నే పలాసలో బస్సెక్కి వచ్చి నేర్పేవాణ్ణి. వచ్చేవాళ్లలో ఎక్కువమంది కాలేజీ పిల్లలు. అప్పుడప్పుడు ఒక టైలరమ్మ, ఒక బోర్డులు రాసేవాడు, మనవడి కోసం బొమ్మ చేయించుకుందామని వచ్చిన రిటైర్డు మాస్టారు.

లేజర్ కట్టర్ అంటే మూత ఉన్న పెద్ద ఇనప పెట్టె. లోపల కంటికి కనిపించని కిరణం ఒకటి చెక్కనో అట్టనో కాల్చుకుంటూ పోతుంది. కొంచెం కాలిస్తే అక్షరం, పూర్తిగా కాలిస్తే కోత. కాల్చడం కాబట్టి పొగ వస్తుంది. ఏది కాలిస్తే ఏ పొగ వస్తుందన్న దగ్గరే ఉంది ప్రమాదమంతా. అందుకని లోపల పెట్టకూడని వస్తువుల పట్టిక ఒకటి గోడకి అంటించాను: రెగ్జిన్, పీవీసీ షీటు, ఫ్లెక్సీ గుడ్డ, రంగు వేసిన చెక్క, వార్నిష్ కొట్టిన చెక్క, ఏమిటో తెలియని ప్లాస్టిక్. ఇంటర్నెట్‌లో మూడు చోట్ల చూసి, సరిపోల్చుకుని, తెలుగులో రాశాను. ఆ మూడు చోట్ల రాసినవాళ్లెవరూ పలాస చూసి ఉండరు.

ఇది జరిగిన నెల మొదటి ఆదివారం వచ్చినవాళ్లలో అందరికన్నా పెద్దవాడు ఒక మత్స్యకారుడు. యాభై దాటి ఉంటాయి. ఊళ్లో ఎవరి దగ్గరో విని, ఆటోలో పలాస వచ్చి అక్కడ బస్సు పట్టుకుని వచ్చాడు. కాలేజీ పిల్లల మధ్య ప్లాస్టిక్ కుర్చీలో తువ్వాలు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. నేను అగ్గి గురించి, మూత గురించి, కళ్లద్దాల గురించి చాలాసేపు చెప్పాను. అయ్యాక ఏమైనా అడుగుతారా అంటే ఆయనే లేచాడు.

"మీ మిషనుకన్నా మీరే ఎక్కువ బయపడతన్నారు బాబూ" అన్నాడు. "సముద్రం కాడ ఇన్ని రూల్సుంటే మావు ఒడ్డునే ఉండిపోదుం."

పిల్లలు నవ్వారు. నేనూ నవ్వాను. ఆయన నవ్వకుండా అసలు ప్రశ్న అడిగాడు: ఉప్పుగాలికి పోని అక్షరం వేస్తుందా ఈ మిషన్? పడవ మీద నంబరు రంగుతో రాయిస్తే ఏడాది తిరక్కుండానే పెచ్చులూడిపోతోందట. నంబరు కనిపించక గస్తీవాళ్లు సముద్రంలో ఆపి, మధ్యాహ్నం దాకా నిలబెట్టేశారట. చెక్కలో లోతుగా కాల్చి, ఆ చెక్కని పడవ ముక్కు దగ్గర బిగిస్తే పోదని నేను చెప్పాను. ఆ రోజు నుంచి ఆయన్ని నేను మావా అని పిలవడం మొదలుపెట్టాను. రెండో ఆదివారం కంప్యూటర్ ముందు కూర్చుని, వల అల్లిన వేళ్లతో మౌస్ పట్టుకుని, తన నంబరు తనే గీశాడు. ఒక్కో అంకె మధ్య ఖాళీ సమానంగా వచ్చేదాకా లేవలేదు. అంత శ్రద్ధ నేను డిప్లొమా కుర్రాళ్లలో చూడలేదు.

మూడో ఆదివారం చెక్క తెచ్చాడు. పాత చీర ముక్కలో చుట్టి, పసిపిల్లని పట్టుకున్నట్టు పట్టుకుని తెచ్చాడు. విప్పితే నల్లగా, నున్నగా ఉంది. పాత టేకు అనుకున్నాను. గోడ మీది పట్టిక ప్రకారం వరసగా అడిగాను. రంగేశావా మావా? లేదు. వార్నిష్? అదేటి? షాపులో డబ్బాలో అమ్ముతారే, మెరిసేది. అలాటిది రాయలేదు. ప్లాస్టిక్ పూత? లేదు. మూడు లేదులకి మూడు టిక్కులు పెట్టాను.

వాళ్ల ఊళ్లో చెక్క ఏదైనా సముద్రం దగ్గరికి వెళ్లేముందు దానికి జీడి నూనె పట్టించాలి. జీడిపిక్క తొక్కలోంచి తీసిన నల్ల నూనె అది. పురుగు పట్టకుండా, ఉప్పు తినకుండా తాతల నాటి నుంచి పడవలకి అదే పూత. నూనె పట్టించని చెక్కని పనిలో పెట్టడం వాళ్లకి తెలియదు. ఆయన ఆ చెక్కని మూడుసార్లు నూనెతో రుద్ది, మూడు రోజులు ఎండబెట్టి తెచ్చాడు. ఇవన్నీ నాకు తర్వాత తెలిశాయి. జీడి నూనె ఒంటికి తగిలితే పొక్కుతుందని, కాలిన పొగ అంతకన్నా చెడ్డదని మాత్రం నాకు ముందే తెలుసు. బాగా తెలుసు. మా అమ్మ ఇరవై ఏళ్లుగా పలాసలో పిక్క కొట్టే పనికి వెళుతోంది. ఆమె వేళ్ల కొసలు నల్లబడి గీతలు అరిగిపోయాయి, రేషన్ దగ్గర మిషన్ మీద వేలిముద్ర పడదు. చిన్నప్పుడు ఆమె పని బట్టలు మమ్మల్ని ముట్టుకోనిచ్చేది కాదు.

మిషన్ మొదలుపెట్టాను. మొదటి అంకె సగం అయ్యేసరికి వాసన వచ్చింది.

ఆ వాసన గురించి సరిగ్గా చెప్పాలి. మా వీధి చివర రెండు జీడి ఫ్యాక్టరీలున్నాయి. గాలి ఎటు తిరిగినా మా ఇంట్లో కొంచెం కాలిన జీడి తొక్క వాసన ఉంటుంది. దిండుకి ఉంటుంది, చదివిన పుస్తకాలకి ఉంటుంది. పరీక్షలు రాసి వచ్చినప్పుడు, ఊరు నుంచి తిరిగి వచ్చి రైలు దిగినప్పుడు ముందు పలకరించేది అదే. అందుకని ఆ రోజు లేజర్ పెట్టెలోంచి అది వచ్చినప్పుడు నాలో ఏదీ ఉలిక్కిపడలేదు. నిజం రాయాలంటే, హాయిగా అనిపించింది. భుజాలు కొంచెం వదులయ్యాయి. మంట లేస్తుందేమోనని చూస్తూ నిలబడ్డాను. మంట లేవలేదు.

కడప వైపు నుంచి వచ్చి హాస్టల్లో ఉండి చదువుకునే అమ్మాయి ఒకతె ఆ రోజు క్లాసులో ఉంది. దగ్గుకుంటూ బయటికి వెళ్లింది. గుమ్మంలోంచి, "అన్నా, ఏందో ఘాటుగా ఉండాదన్నా" అంది. చెక్క పొగ, అలాగే ఉంటుందని చెప్పాను. ఆమె మళ్లీ లోపలికి రాలేదు.

పని అయ్యాక మూత తీయడానికి రెండు నిమిషాలు ఆగాలన్నది నా నియమం. నేను ఎవరికో సమాధానం చెప్పడానికి ఇటు తిరిగాను. అటు మావ మూత ఎత్తేశాడు. తన నంబరు చూసుకోవాలన్న ఆత్రం. ముఖం లోపలికి పెట్టి, మసి ఊది, అరచేత్తో తుడిచి, అదే చేత్తో, అదే తువ్వాలుతో ముఖం మీది చెమట తుడుచుకున్నాడు. అంకెలు లోతుగా, చక్కగా వచ్చాయి. ఆయన వాటి మీద వేలు పెట్టి ఒక్కొక్కటే తడిమాడు. చెక్కని మళ్లీ చీర ముక్కలో చుట్టుకుని ఒంటిగంట బస్సుకి వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం నేను ఇంటికి వచ్చి చొక్కా విప్పి తాడు మీద వేశాను. అమ్మ బియ్యం ఏరుతున్నదల్లా తల ఎత్తింది.

"ఏట్రా, జీడి బట్టీ కాడికెల్లినావేటి?"

లేదన్నాను. ఆమె లేచి వచ్చి చొక్కా చెయ్యి వాసన చూసింది.

"పప్పు ఏగిన వోసన కాదిది. నూనె కాలిన పొగ. ఎక్కడ కాల్సినార్రా?"

నల్లగా నున్నగా ఉన్న చెక్క కళ్లముందుకి వచ్చింది. టేకు కాదు. మూడు లేదులూ నిజమే, నేను అడగాల్సిన నాలుగోది నేను అడగలేదు. చేతి మణికట్టు దగ్గర అప్పటికే దురద మొదలైంది. అమ్మ నా చేతులకీ మొహానికీ కొబ్బరి నూనె రాసి, తర్వాత సబ్బుతో కడిగించింది. ఆ పొగ తగిలిన రోజు కన్నా మర్నాడే ఎక్కువ పొంగుతుందని చెప్పింది. కంట్లో పడితే ఏమవుతుందని అడిగాను. ఆమె సబ్బు ఇంకోసారి నా చేతిలో పెట్టింది. బట్టీ దగ్గర పనిచేసి ఒక కన్ను తెల్లబడిపోయిన ముసలాయన మా వీధిలోనే ఉండేవాడు. ఇద్దరికీ ఆయనే గుర్తొచ్చాడు.

మావకి ఫోన్ చేశాను. ఆయన భార్య ఎత్తింది. పెందలాడే పడుకున్నాడని, మొహం దురదగా ఉందన్నాడని, ఎండ దెబ్బేమో అనుకుంటున్నామని, తెల్లారకముందే చేపల వేటకి వెళ్లాలని చెప్పింది. అక్కడ నేను చెప్పవలసింది ఒక్కటే: అది ఎండ కాదు, నా మిషన్ పొగ, ఆయన్ని సముద్రం మీదికి పంపకండి. ఆ మాట నోటిదాకా వచ్చింది. సెంటర్ మూసేస్తారేమో, ఊరంతా వచ్చి అడుగుతారేమో, నా పేరు ఎక్కడ రాస్తారో అని అర నిమిషంలో ఇంకో జాబితా తయారైంది తలలో. చివరికి నేను అన్నది, కొంచెం జాగ్రత్తగా ఉండమనండి, కళ్లు కడుక్కోమనండి, వీలైతే రేపు మానెయ్యమనండి అని. ఆవిడ సరే బాబూ అంది.

తెల్లవారుజామున అద్దంలో చూసుకుంటే నా కుడి రెప్ప నిమ్మకాయంత అయింది. నేను పెట్టెకి రెండడుగుల దూరంలో నిలబడ్డాను. ఆయన ముఖం పెట్టెలోపల పెట్టాడు. అమ్మ పనికి సెలవు చెప్పి, కొబ్బరి నూనె సీసా, సబ్బు, మెత్తటి గుడ్డ సంచిలో వేసుకుంది. మొదటి ఆటో పట్టుకున్నాం. జీడి తోటల మధ్య రోడ్డు పొడుగునా అమ్మ ఆ సంచి ఒళ్లోనే పట్టుకుని కూర్చుంది.

మేం వెళ్లేసరికి పడవ వెళ్లిపోయింది. లేచేసరికే రెప్పలు బరువుగా ఉన్నాయట. చన్నీళ్లు కొట్టుకుని, కూడా వచ్చే ఇద్దరూ ఎదురుచూస్తున్నారని వెళ్లిపోయాడట. ఆయన భార్య బేసిను పట్టుకుని ఒడ్డున నిలబడి ఉంది. నా రెప్ప చూసింది, మా అమ్మ వేళ్లు చూసింది. అడక్కుండానే ఆవిడకి సగం అర్థమైంది. మిగతా సగం నేను చెప్పాను. ఈసారి పూర్తిగా చెప్పాను.

ఆవిడ బేసిను ఇసకలో దించింది. "నిన్న సాయింత్రం పెల్లి పిలుపులాగ మెల్లగా మాటాడినావు బాబూ" అంది. "గట్టిగా ఒక్క మాట సెప్పుంటే గుమ్మానికి అడ్డం పడుందును."

మా అమ్మ వెళ్లి ఆవిడ పక్కన నిలబడింది.

ఆ తీరంలో పడవని ఒడ్డుకి తేవడం కష్టమైన పని. కెరటాలు విరిగే చోట ఆగి, వెనక వచ్చేవాటిని చూసి, సరైన కెరటం వెనకే లోపలికి రావాలి. కాస్త ముందో వెనకో అయితే పడవ అడ్డం తిరిగి బోల్తా పడుతుంది. ఆ లెక్కంతా మోటారు పిడి పట్టుకున్నవాడి కళ్లది. మావ పడవలో పిడి మావదే. నేను పడవలు లెక్కపెట్టడం మొదలుపెట్టాను, ఇంకేం చేయాలో తెలియక. ఎనిమిది వచ్చాయి. పదకొండు వచ్చాయి. వచ్చినవాళ్లని ఆవిడ కేకేసి అడిగింది. కనబడలేదన్నారు ఇద్దరు, దక్షిణంగా వెళ్లినట్టున్నాడన్నారు ఒకరు. పదహారు వచ్చాయి. ఎండ ఎక్కింది. నా కుడి కన్ను పూర్తిగా మూసుకుపోయి, ఒక్క కంటితో చూస్తుంటే పడవ ఎంత దూరంలో ఉందో అంచనా తెలియడం లేదు. రెండు కళ్లూ ఇలా ఉన్నవాడు అక్కడ కెరటాన్ని ఎలా లెక్కవేస్తాడని అనుకున్నాక ఇంక లెక్కపెట్టలేకపోయాను.

పదిహేడోది మావది. కెరటాల అవతల ఆగి, అక్కడే చుట్టూ తిరుగుతూ ఉండిపోయింది.

"ఆగిందేటి" అంది ఆవిడ, ఎవరినీ అడగనట్టు.

పిడి దగ్గర ఉన్నది మావ కాదు, కూడా వెళ్లినవాళ్లలో చిన్నవాడు. మావ ముందువైపు తల వంచుకుని, తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. చిన్నవాడు రెండుసార్లు వచ్చినట్టే వచ్చి వెనక్కి తిప్పాడు. మూడోసారి వచ్చేశాడు. పడవ ఏటవాలుగా లేచింది, ఒక పక్క నీళ్లు దూకాయి, ఒడ్డునున్నవాళ్లందరూ నడుం లోతు దాకా పరిగెత్తి పట్టుకున్నారు. నేను మాత్రం కదల్లేకపోయాను.

మావ ముఖం ముఖంలా లేదు. రెండు కళ్లూ గీతలై, బుగ్గల మీద నీటి పొక్కులు. ఇసకలో కూర్చోబెట్టగానే చేత్తో రుద్దుకోబోయాడు. మా అమ్మ ఆయన చెయ్యి పట్టుకుంది.

"రుద్దకు అన్నియ్యా. అది నీల్లకి పోదు, నూనెకే పోద్ది. తువ్వాలు అవతల పారెయ్."

రెప్పల పైన, బుగ్గల మీద నూనె అద్ది, సబ్బుతో తుడిచి, కళ్లలోకి మంచినీళ్లు పోస్తూనే ఉంది, బిందె అయ్యేదాకా. నేను మోకాళ్ల మీద కూర్చుని, తప్పు నాదని, అడగాల్సింది అడగలేదని చెప్పాను. ఆయన నా గొంతు వచ్చిన వైపు తల తిప్పాడు.

"నువ్వు అడిగినావు. రంగేసినావా అన్నావు, లేదన్నాను. సెక్కకి నూనె రాసినావా అని ఎవులడుగుతారు బాబూ? అన్నం వొండినప్పుడు నీల్లు పోసినావా అని అడిగినట్టుంటాది."

అక్కడి నుంచి పలాస పెద్దాసుపత్రికి తీసుకెళ్లాం. కంటి పైపొర కాలిందని, వారం దాటితే గానీ చెప్పలేమని డాక్టరు అన్నాడు. చుక్కల మందు రాశాడు. నొప్పికి మాత్రలు రాయబోతే ఆయన భార్య ఒప్పుకోలేదు. ఊరూరా కిడ్నీ జబ్బులున్న మా ఉద్దానంలో నొప్పి మాత్ర అంటే అందరికీ కిడ్నీలే గుర్తొస్తాయి. మావ ఆ నొప్పిని మాత్రల్లేకుండానే భరించాడు.

తొమ్మిది రోజులు. నేను సెంటర్ చూసే మేడమ్‌కి జరిగింది మొత్తం రాసిచ్చాను, లేజర్‌కి తాళం వేసి తాళంచెవి ఆమెకే ఇచ్చేశాను. రోజూ పని అయ్యాక ఆటోలో మావ ఇంటికి వెళ్లేవాణ్ణి. ఆయన చీకటి గదిలో తడిగుడ్డ కళ్ల మీద వేసుకుని పడుకుని ఉండేవాడు. నేను వెళ్లగానే అదే మాట అనేవాడు: ఇయ్యాల ఎన్ని టిక్కులెట్టినావు బాబూ? నవ్వాలని అన్నాడని తెలుసు. నాకు నవ్వు వచ్చేది కాదు.

తొమ్మిదో రోజు డాక్టరు గుడ్డ తీసి వేళ్లు లెక్కపెట్టమన్నాడు. లెక్కపెట్టాడు. కానీ మావ అంతటితో ఒప్పుకోలేదు. ఇంటికి వచ్చి సన్న వల తెప్పించి, గుమ్మం వెలుతురుకి పట్టుకుని, ఒక్కో కన్నూ మూసి చూశాడు. కుడి కంటితో ప్రతి గడీ వేరుగా కనిపిస్తోందన్నాడు. ఎడమ కంటికి గడులు కలిసిపోతున్నాయి. ఆ కంటి మీద మిగిలిన తెల్లపొర పల్చబడొచ్చు, పడకపోవచ్చు, అది డాక్టరు మాట. వల మడత పెట్టి పక్కన పెట్టేశాడు.

లేజర్ తాళం తీసింది మరుసటి నెల మూడో ఆదివారం. తీయొద్దని నేను మేడమ్‌ని బతిమాలాను. ఆమె వినలేదు. ఆ రోజు పదిన్నరకి మావ నల్లద్దాలు పెట్టుకుని బస్సు దిగి వచ్చాడు. చేతిలో ఇంకో చెక్క. పడవకి రెండో వైపు కూడా నంబరు కావాలి కదా అన్నాడు. మొదటి చెక్క ఏం చేశావని అడిగాను. పారేసి ఉంటాడనుకున్నాను.

"బిగించీసినాను. నా కంటిసూపు పెట్టి రాయించినాను, వొదుల్తానేటి?"

ఈ చెక్క తెల్లగా, గరుకుగా ఉంది. నూనె రాయలేదని, రాయకుండా తెచ్చినందుకు ఊళ్లో అందరూ నవ్వారని చెప్పాడు. ఇప్పుడు నా జాబితాలో పన్నెండు విషయాలున్నాయి. పన్నెండోది, చెక్కని వాసన చూడడం. అది నేను చేయను, నా ముక్కు మీద నాకు నమ్మకం లేదు. కడప అమ్మాయికి ఇచ్చాను. ఆమె అటూ ఇటూ తిప్పి, అంచుల దగ్గర కూడా చూసి, ఉత్త చెక్కేనన్నా అంది. ఇంకోసారి చూడమన్నాను. చూసింది.

మావని గుమ్మం బయట, గాలికి ఎదురుగా నిలబెట్టాను. స్విచ్ మీద వేలు పెట్టి ఎంతసేపు ఉన్నానో తెలియదు.

"నొక్కు బాబూ" అన్నాడు బయట నుంచి. "బస్సెల్లిపోద్ది."

నొక్కాను. పొగ సన్నగా లేచి గొట్టంలోకి పోతోంది. నాకు ఏ వాసనా తెలియలేదు, అందుకే ఇంకా భయమేసింది. మిషన్ నడుస్తుండగా దాని మీంచి చూపు తిప్పకూడదన్నది నా ఇంకో నియమం. ఆ రోజు అది నేనే తప్పాను. చెక్క మీద అంకెలు పడుతున్నంతసేపూ గుమ్మం అవతల నల్లద్దాలు పైకెత్తి, ఎడమ కన్ను మూసుకుని, కుడి కంటితో లోపలికి చూస్తున్న ఆ మనిషినే చూస్తూ నిలబడ్డాను.